మంత్రి కాని మనిషి

మనలో ఒక అలవాటు వుంది. ఎవరైనా శాసనసభకు ఎన్నికైనట్టు తెలియగానే మనం వేసే మొదటి ప్రశ్న, "మంత్రివర్గంలోకి తీసుకుంటారా?" అని. తీసుకోలేదని తెలిస్తే "అయ్యో పాపం" అంటాం. ఆయనేదో పరీక్ష తప్పినట్టు! శాసనసభ మన దృష్టిలో మంత్రిగారి గది ముందు వుండే వసారా. పిలుపు వచ్చేదాకా కూర్చునే చోటు. అక్కడా పని వుంటుందని మనకు తోచదు.

ఆ పని ఏమిటో తెలియాలంటే వావిలాల గోపాలకృష్ణయ్య గారి జీవితం చూడాలి. ఆయన 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో పుట్టారు. గ్రంథాలయోద్యమంలో తిరిగారు, స్వాతంత్ర్యం కోసం జైళ్ళకు వెళ్ళారు. 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో ఆ సత్తెనపల్లి నుంచే వరసగా నాలుగుసార్లు గెలిచారు. ఇరవై యేళ్ళు సభలో వున్నారు. ఒక్కనాడూ మంత్రి కాలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. ముతక ఖద్దరు, భుజాన ఒక సంచీ, ఆ సంచీ నిండా కాగితాలు. వావిలాల వారంటే తెలుగువాళ్ళకు గుర్తున్న రూపం అది.

ఆ ఇరవై యేళ్ళలో ఆయన మూడు రాజధానులు చూశారు. మొదట ఉమ్మడి రాష్ట్రపు మద్రాసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, గుడారాల్లో ఆఫీసులు నడిచిన కర్నూలు. 1956 నవంబరు 1 తర్వాత హైదరాబాదు. విశాలాంధ్ర కావాలని కోరినవారిలో ఆయనా ఒకరు గనుక ఈ చివరి ప్రయాణం ఆయనకు ఇష్టమైనదే అయివుంటుంది.

రాజధానులు మారినా పల్నాటి దాహం మాత్రం మారలేదు. గుంటూరు జిల్లాకు ఒక చిత్రమైన విభజన వుండేది. తూర్పున తెనాలి వైపు, బెజవాడ ఆనకట్ట కింద, మూడు తరాల నుంచీ కృష్ణ కాలవలు. పడమట మెట్ట. నది పక్కనుంచే పోతున్నా పొలానికి చుక్క రాదు. సత్తెనపల్లి ఈ మెట్ట వైపుది. పైగా 1951 ప్రాంతాల్లో కృష్ణా జలాలను పెన్నకు కలిపి దక్షిణానికి తీసుకుపోయే పథకం ఒకటి మద్రాసులో నలుగుతూ వుండేది. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టవలసిందేనని గొంతెత్తినవారిలో వావిలాల వారు వున్నారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. అదే నాగార్జునసాగరం. అది ఏ ఒక్కరి ఘనతా కాదు. కాని పన్నెండేళ్ళ పాటు ఒక పని మరుగున పడకుండా వుండాలంటే దాని సంగతి పదేపదే అడిగేవాళ్ళు సభలో వుండాలి కదా!

అడగడమంటే ఊరికే కేకలు వెయ్యడం కాదు. సభలో దానికి పనిముట్లు వున్నాయి. చుక్క గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వెయ్యవచ్చు. బడ్జెట్టులో ఒక శాఖ పద్దు వచ్చినప్పుడు అందులో వంద రూపాయలు తగ్గించమని కోత తీర్మానం పెట్టవచ్చు. ఆ వంద రూపాయలు ఎవరికి కావాలి? అది ఆ శాఖ పని మీద మాట్లాడడానికి తలుపు. అయితే మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. వావిలాల వారు స్వతంత్ర సభ్యుడు. అలాంటివాడి వంతుకు వచ్చేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో సూటిగా చెప్పాలంటే కాగితాలన్నీ ముందే చదువుకుని వెళ్ళాలి. ఆ సంచీ బరువు అందుకే.

"అంతటివాడు మంత్రి అయితే ఇంకా ఎక్కువ చేసేవాడు కాదూ?" అని మీరు అడగవచ్చు. కావచ్చు. కాని అందరూ జవాబులు చెప్పేవైపుకే వెళ్ళి కూర్చుంటే, ఎదుటి బల్ల మీద ప్రశ్న వేసేది ఎవరు?

ఆయన పట్టు వదలని రెండో సంగతి తెలుగు. రైతుకు తాలూకా కచేరీ నుంచి ఒక తాఖీదు వస్తుంది. అది ఇంగ్లీషులో వుంటుంది. దాన్ని చదివించుకోవడానికి అతను స్కూలు మేష్టారి కోసం పరుగెత్తాలి. పన్ను కట్టేది అతను, ప్రభుత్వం అతనిది, మధ్యలో దుబాసీ! 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. చట్టం వచ్చినంతమాత్రాన గుమాస్తా చెయ్యి మారుతుందా? 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులుగా వావిలాల వారినే పెట్టారు. అప్పటికి ఆయన సభలో లేరు. సభలో అడిగిన పనినే ఆఫీసుల్లో చేయించే బాధ్యత వచ్చి ఆయన మీద పడిందన్నమాట.

ఆ తర్వాతైనా ఆయన ఇంట్లో కూర్చోలేదు. ఎనభై దాటిన వయస్సులో మద్యనిషేధం కోసం తిరిగారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2003 ఏప్రిల్ 29న, తొంభై ఆరేళ్ళు నిండిన మనిషిగా కన్నుమూశారు.

ఆయన అడిగిన రెంటిలో నీళ్ళు వచ్చాయి. భాష మాత్రం ఇంకా దారిలోనే వుంది. 2014 నుంచి తెలుగువాళ్ళకు రెండు రాష్ట్రాలు, రెండు సచివాలయాలు. రెండు చోట్లా తెలుగు అధికార భాషే. అయినా జీవోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడుతున్నాయి. రైతు ఇప్పుడు మేష్టారికి బదులు చదువుకున్న కొడుకును అడుగుతున్నాడు. మారింది అంతే.

ఈసారి మీ ఇంటికి ఓటు కోసం ఎవరైనా వస్తే, మంత్రి అవుతారా అని అడగకండి. సభలో ఏమి అడుగుతారో అడగండి. జవాబు వెంటనే రాకపోతే, ఆయన సంచీలో కాగితాలు లేవన్నమాట.