దూరం క్యాంపు గేటు నుంచి కొలవాలి

దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. 2011లో గ్రీన్ లైన్ వచ్చింది. రైళ్లు చల్లగా, టైముకు నడుస్తున్నాయి, కాదనం. కానీ మనవాళ్లు వేలమంది ఉండే సోనాపూర్‌కు స్టేషన్ లేదు. ముందు ఎండలో బస్సు కోసం నిలబడాలి, ఆ తర్వాతే రైలు.

జీతాన్ని బట్టి టికెట్ రేటు మారదు. సిల్వర్ నోల్ కార్డు మీద ఒక జోన్‌కు 3 దిర్హాములు, రెండు జోన్లకు 5, అంతకు మించితే 7.50. రేటు ఒకటైతే న్యాయం జరిగినట్టేనా? జెబెల్ అలీ నుంచి దేరాకు రానూపోనూ 15 దిర్హాములు. మేనేజరుకు అది లెక్కలోకి రాదు. నెలకు వెయ్యి దిర్హాముల జీతగాడికి రోజు కూలిలో దాదాపు సగం.

ఆఫీసుల్లో లెక్కలు రాసే మేము చెప్పేదొకటే. స్టేషన్లు ఎన్ని కట్టారన్న లెక్క చాలదు. సెలవురోజు క్యాంపు గేటు దాటినవాడు ఆసుపత్రికో, డబ్బు పంపే చోటికో చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎంత ఖర్చయింది అన్నది కొలవాలి.

అన్నలారా, తమ్ముళ్లారా! నాలుగు సెలవురోజులు బయల్దేరిన టైము, బస్సు కోసం ఆగిన నిమిషాలు, చేరిన టైము, కట్టిన డబ్బు చీటీ మీద రాసి ఈ పత్రికకు పంపండి. రాయడం రానివాళ్లకు రూమ్‌లోవాళ్లు రాసిపెట్టండి. అన్నీ కలిపి పట్టిక వేసి మేము అర్జీ పెడతాం. లెక్క చేతిలో ఉంటేనే అర్జీకి బలం.