ఎనభై రూపాయల విజయం

మొన్న ఆఫీసు కాంటీన్లో ఓ మిత్రుడు ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు. "వియత్నాం. నేనూ, మా ఆవిడా. పది రోజులు. ఎంతయ్యుంటుందో చెప్పు చూద్దాం" అన్నాడు. నేనేదో నోటికొచ్చిన అంకె చెప్పాను. "అందులో సగం!" అని బల్ల మీద కొట్టాడు. చుట్టూ ఉన్న నలుగురూ "షీట్ పంపు బాసూ, షీట్ పంపు" అని ఎగబడ్డారు. అక్కడ ఏం చూశావు, ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నేనూ అడగలేదనుకోండి.

ఈ "ఇంత తక్కువలో తిరిగొచ్చాం" అనే జబ్బు మీద నాకు చాన్నాళ్ళుగా కడుపులో ఒక మంట ఉంది. దానికి కారణం నేనే. నేనూ ఆ తానులో ముక్కనే.

2024 ఫిబ్రవరిలో మేమిద్దరం శ్రీలంక వెళ్ళాం. వీపున చెరో సంచి, తొమ్మిది రోజులు. కంచన్‌బాగ్ నుంచి పహాడీషరీఫ్ మీదుగా ఎయిర్‌పోర్టుకి అరగంట, అక్కణ్ణుంచి కొలంబోకి సుమారు రెండు గంటలు. (నేను రోజూ హైటెక్ సిటీకి పోయి రావడానికి ఇంతకంటే ఎక్కువే పడుతుంది. నవ్వకండి.) కొలంబో, అనురాధపుర, సిగిరియా, క్యాండీ, హపుతలే. బస్సులు, రైళ్ళు, ఇళ్ళల్లో అద్దెకిచ్చే గదులు. వచ్చాక నేనూ ఒక ఎక్సెల్ షీట్ తయారుచేసి, చివర్న పసుపు రంగు కొట్టి, నలుగురికి చూపించుకున్నాను.

మా కంచన్‌బాగ్‌లో పెరిగినవాళ్ళకి యాత్ర అంటే ఎల్టీసీ. డీఆర్‌డీఎల్లు, డీఎమ్మారెల్లు, మిధానీలు, బీడీఎల్లు... ఏ ఇంట్లో చూసినా నాన్నో మావయ్యో వీటిల్లో ఒకదాంట్లో పనిచేసి ఉంటారు. "బ్లాకు అయిపోతోంది, ఇప్పుడు వాడుకోకపోతే పోయినట్టే" అని మా నాన్న అనడం, పులిహోర పొట్లాలతో అందరం కన్యాకుమారికి రైలెక్కడం. ఆ రోజుల్లో ఎవరూ ఎంత తక్కువైందో చెప్పుకునేవాళ్ళు కాదు. ఏ క్లాసులో వెళ్ళామో చెప్పుకునేవాళ్ళు. అదీ గొప్పే, కాదనను. కానీ ఆ గొప్పకి ఎవరి కడుపూ కాలలేదు. మా నాన్న రిటైరయ్యేనాటి జీతానికి ఎన్నో రెట్లు సంపాదిస్తూ, పేదవాడిలా తిరిగొచ్చానని చెప్పుకోవడం మాత్రం మా తరం కనిపెట్టిన ముచ్చట.

సరే, ఎవరి కడుపు కాలిందో చెప్తాను.

హపుతలే నుంచి లిప్టన్స్ సీట్ అని ఒక కొండ కొన మీదకి వెళ్తారు. దారంతా టీ తోటలే. థామస్ లిప్టన్ 1890లో కట్టించిన దంబతెన్న ఫ్యాక్టరీ ఆ దారిలోనే వస్తుంది. పొద్దున్నే ఒక ఆటో కుర్రాడు వెళ్ళి రావడానికి 3500 శ్రీలంక రూపాయలు అడిగాడు. నేను నెట్లో చదివొచ్చిన జ్ఞానంతో పావుగంట బేరమాడాను. వెళ్ళిపోతున్నట్టు పదడుగులు నడిచాను కూడా (ఈ నాటకం ఆడాలని అందరూ రాస్తారు కదా). చివరికి 3200కి ఒప్పుకున్నాడు. మూడొందలు గెలిచాను! అప్పటి లెక్కలో మన డబ్బు ఎనభై రూపాయలు. నాలుగు ఇరానీ చాయ్‌లు.

మా ఆవిడది చిత్తూరు, తమిళం బాగా వచ్చు. దారి పొడుగునా ఆ కుర్రాడితో మాట్లాడుతూనే ఉంది. వాళ్ళమ్మ ఆ తోటల్లోనే ఆకు కోస్తుందిట. ఆ తోటల కూలి 2021లో రోజుకి వెయ్యి రూపాయలు చేశారు, మేం వెళ్ళేనాటికీ అదే. అంటే మన లెక్కలో రెండొందల అరవై చిల్లర. నేను పావుగంటలో గెలిచిన మూడొందలు ఆవిడ రోజంతా వంగి కోసిన దాంట్లో మూడో వంతుకి కాస్త తక్కువ.

2022 సంగతి కూడా చెప్పాడు. ఆ ఏడు ఏప్రిల్లో శ్రీలంక అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. జులైలో జనం అధ్యక్షుడి భవనంలోకి జొరబడ్డారు, ఆయన దేశం వదిలి పారిపోయాడు. సెప్టెంబరుకి కొలంబోలో ధరల పెరుగుదల డెబ్భై శాతం దగ్గరికి పోయింది. పెట్రోలుకి క్యూఆర్ కోడ్ పెట్టి ఆటోకి వారానికి 5 లీటర్లు అన్నారు. మనం టీవీలో ఆ భవనం ఈతకొలనులో జనం దూకడం చూసి నవ్వుకున్నాం గుర్తుందా? ఆ 5 లీటర్లతో వారం ఎలా గడుస్తుందో ఈ కుర్రాడు మా ఆవిడకి లెక్క చెప్పాడు. ఆ ఏడాది మొదట్లో డాలరుకి రెండొందలున్న వాళ్ళ రూపాయి, మే నాటికి మూడొందల అరవైకి పడింది. మన షీట్లలో "శ్రీలంక ఇప్పుడు చాలా చవక" అని మురిసిపోతూ రాసుకునేది ఈ పతనాన్నే. అవతలివాడి ఇల్లు కూలితే మనకి చవగ్గా దొరికిన ఇటుకలవి.

ఆటో దిగాక మా ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం, "మీరు కంచన్‌బాగ్‌లో ఆటోవాడితో ఎప్పుడైనా పావుగంట బేరమాడారా? ఫోన్లో ఎంత చూపిస్తే అంత కడతారు కదా. మనిషి ఎదురుగా నిలబడి అడిగితేనే మీకు మోసంలా కనిపిస్తుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

రెండో సంగతి ఇంకా సిగ్గుచేటు. క్యాండీ నుంచి హపుతలే రైలు. ప్రపంచంలోకెల్లా అందమైన రైలు దారి అని అందరూ రాస్తారు, నిజమే. రిజర్వుడు సీట్లు ముందే కొనుక్కోవచ్చు. నేను కొనలేదు. థర్డ్ క్లాసు మరీ చవక, పైగా "లోకల్ మనుషుల్లా ప్రయాణించాలి" అని నా సిద్ధాంతం. లోకల్ మనుషులు అందులో ఎక్కేది సిద్ధాంతం కోసం కాదండీ, అంతకంటే పెట్టలేక. మాలాంటి సంచులవాళ్ళం తలుపుల దగ్గర కాళ్ళు వేలాడేసుకుని ఫోటోలు తీసుకుంటుంటే, ఊళ్ళకి పోయే ఆడవాళ్ళు సరుకుల సంచులతో ఆరుగంటలు నిలబడ్డారు. మేం ఆక్రమించింది వాళ్ళ సీట్లే, అదీ వాళ్ళ ప్రభుత్వం నష్టానికి ఇచ్చే టిక్కెట్టు మీద.

మా ఆవిడ ఆ రోజు పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టలేదు. ఆ జనంలో బాత్రూం దాకా వెళ్ళే వీలు ఉండదని ముందే ఊహించి మానేసింది. నాకు చెప్పలేదు, నేను గమనించలేదు. ముందు రాత్రి క్యాండీలో తీసుకున్న గదికి బాత్రూం బయట, దానికి గడియ సరిగా పడదు. అక్కడ ఎంత ఆదా అయిందో నా షీట్లో ఉంది. ఇంటికొచ్చిన మూడోరోజు జ్వరం, మూత్రంలో మంట. వారం యాంటిబయాటిక్స్. ఆ మందుల బిల్లు మాత్రం ఏ కాలమ్‌లోనూ లేదు. "ఇద్దరికి ఇంత" అని మగవాళ్ళం రాసుకునే ప్రతి షీట్లోనూ ఈ కాలమ్ ఒకటి దాగి ఉంటుందని నా అనుమానం. మీ షీట్ ఉంటే ఓసారి మీ ఆవిణ్ణి అడిగి చూడండి.

ఇక రెండు ధరల గోల. సిగిరియాలో వాళ్ళ మనుషులకో ధర, విదేశీయులకి దానికి ఎన్నో రెట్లు. సార్క్ దేశస్థులమని మనకి అందులో సగం. క్యూలో మా ముందున్న మన తెలుగాయన ఒకరు "దోపిడీ, దోపిడీ" అని శివాలెత్తిపోయారు. అయ్యా, గోల్కొండలో మనకి 25 రూపాయలు, తెల్లవాడికి 300. చార్మినార్ దగ్గరా అంతే. ఆ లెక్కన మనది ధర్మం, వాళ్ళది దోపిడీనా? అన్నట్టు శ్రీలంకవాడు గోల్కొండకొస్తే సార్క్ లెక్కన మన ధరకే లోపలికి పోతాడు. మనకక్కడ సగమే తగ్గిందని ఏడవాల్సింది ఏమైనా ఉంటే అది వేరే విషయం :)

ఈ గొప్పకి ఆద్యులు కూడా ఒక జంటే. టోనీ, మౌరీన్ వీలర్లు 1972లో లండన్ నుంచి ఆసియా మీదుగా సిడ్నీ చేరారు, జేబులో మిగిలింది 27 సెంట్లు. మర్నాడు ఏడాది ఆ అనుభవంతో చిన్న పుస్తకం వేశారు, అదే లోన్లీ ప్లానెట్ అయింది. వాళ్ళ దగ్గర నిజంగానే డబ్బు లేదు. మన దగ్గర లేకపోవడం ఎక్కడుంది? వచ్చే నెల ఒకటో తారీఖున జీతం పడుతుంది, క్రెడిట్ కార్డు మీద లాంజ్‌లో ఫ్రీ ఉప్మా తినే వస్తాం.

తక్కువ ఖర్చుతో తిరగొద్దని నేనంటున్నానా? అస్సలు కాదు. కొచ్చిలో చిన్న టీకొట్టు నడుపుకుంటూ విజయన్, మోహన దంపతులు ఇరవయ్యారు దేశాలు తిరిగారు. 2021 నవంబరులో విజయన్ పోయారు, దానికి కొద్దిరోజుల ముందే రష్యా చూసొచ్చారు. రోజుకింత దాచి, అప్పు చేసి, తిరిగొచ్చి ఆ అప్పు తీర్చి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. అది పొదుపు. తన నోరు కట్టుకున్నవాడిది పొదుపు, పక్కవాడి నోరు కట్టేవాడిది ఇంకేదో. సంచి తగిలించుకుని పోవడంలో ఉన్న గొప్పదనమే అదసలు: పెద్ద హోటల్లో కాకుండా ఒకరింట్లో దిగితే ఆ డబ్బు నేరుగా ఆ ఇంటావిడ చేతిలో పడుతుంది. అంత మంచి పని చేస్తూ, అక్కడే బేరమాడి ఆవిడ చేతిలో పడేదాన్ని కోసేసి, దాన్నే ఘనకార్యంగా చెప్పుకుంటాం.

పైగా ఈ లెక్కల పిచ్చిలో పడి ఏం పోగొట్టుకున్నానో వచ్చాకగానీ తెలీలేదు. కొలంబో నుంచి అనురాధపురకి మేమెక్కిన బస్సు తంబుత్తేగమ మీదుగా పోయింది. ఆ చుట్టుపక్కల అహికుంటకులని పాములాడించే సంచారజాతి వాళ్ళున్నారు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు! తరాలుగా సముద్రం అవతల బతుకుతున్న తెలుగు. నేనా సమయంలో కిటికీ పక్కన కూర్చుని, ఏసీ బస్సు ఎక్కనందుకు ఎంత మిగిలిందో ఫోన్లో కొట్టుకుంటున్నాను. క్యాండీలోనూ అంతే. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మన నాయకర్ల వంశంవాడు, 1815లో ఇంగ్లీషువాళ్ళు దించేసి వెల్లూరులో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. మా ఆవిడ పుట్టింటికి బస్సులో గంట దూరం లేదు వెల్లూరు. టిక్కెట్టు ధర చూసి ఆ ప్యాలెస్ మ్యూజియం లోపలికి పోలేదు మేము. నేనే వద్దన్నాను.

2025 నవంబరు ఆఖర్లో దిత్వా తుఫాను ఆ కొండల్ని ముంచేసింది. ఆరొందల పైచిలుకు మంది పోయారు. బదుల్లా జిల్లా బాగా దెబ్బతింది, హపుతలే ఆ జిల్లాలోదే. నా దగ్గర ఆ కుర్రాడి నంబరు లేదు, 3200 అనే అంకె మాత్రం ఉంది. నంబరు మా ఆవిడ దగ్గరుంది. నాలుగు రోజులు ప్రయత్నిస్తే ఐదో రోజు ఎత్తాడు. అమ్మ, తను బాగానే ఉన్నారట, ఆటో మట్టిలో కూరుకుపోయిందట. మా ఆవిడ కొంత డబ్బు పంపింది. ఎంతో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాంటీన్ మిత్రుడు నిన్న నా శ్రీలంక షీట్ కూడా అడిగాడు. పసుపు రంగు వరసలు తీసేసి, ఇళ్ళవాళ్ళ ఫోన్ నంబర్లూ, బస్సు దార్లూ, రిజర్వుడు సీట్లు ఎన్నిరోజుల ముందు కొనుక్కోవాలో రాసి పంపాను. "ధరలేవి బాసూ?" అని వెంటనే మెసేజ్ పెట్టాడు.