ఒక ప్రాంగణం – ఒకే విద్యుత్ కేంద్రం

ఒకే ప్రాంగణంలోని తరగతి గదులకు, ప్రయోగశాలకు, వసతి గృహానికి వేర్వేరు జనరేటర్లు పెట్టుకొనుట దుబారా అని మా అభిప్రాయం. 2023 అక్టోబరులో ప్రారంభమైన సైకిల్ బాట నార్సింగి నుండి మన కొల్లూరు వరకు వచ్చినది. నానక్‌రామ్‌గూడ భాగంతో కలిపి 23 కిలోమీటర్ల ఆ బాట కప్పుపై సౌర ఫలకాల సామర్థ్యం 16 మెగావాట్లు. బాటకు సాధ్యమైనది కళాశాలకు అసాధ్యమా?

100 కిలోవాట్ల ఉమ్మడి కేంద్రానికి సుమారు 1,000 చదరపు మీటర్ల మేడకప్పు కావలెను. ఎండ బాగా కాసిన రోజున 400 యూనిట్లు వస్తాయి. సెలవుల్లో మిగులు నెట్ మీటరు ద్వారా గ్రిడ్డుకు పోతుంది. అయితే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని సౌర కేంద్రమూ ఆగిపోతుంది. అందుకు ఉమ్మడిగా ఒక జనరేటరు ఉండవలసినదే.

పాలక సంఘం ముందుగా ఏడాది బిల్లులను కూడించి, మేడకప్పులను కొలిపించవలెనని మా మనవి. మిగిలే ప్రతి రూపాయీ పేద విద్యార్థి ఫీజుకు అక్కరకు వస్తుంది.