అర్ధరాత్రి డీజిలు

మళ్ళీ ఆఫీసు గొడవేనని విసుక్కోకండి.

ఏప్రిల్ ఒకటిన తెల్లవారుజామున 3 గంటలకు మా లారీ డ్రైవరు ముళబాగిలులో డీజిలు పోయించుకుని, బిల్లు ఫోనులో ఎక్కించాడు. కె.ఆర్.పురంలో మా ఖర్చుల సాఫ్టువేరు దానిని మార్చి 31 రాత్రి 9-30గా చూపించింది. బండి కదిలిందేమో ఒకటో తేదీ ఒంటిగంటకు! కదలని బండికి డీజిలెట్లా పోశావని యజమాని నిలదీశారు. పాపం, అతనికి నోట మాట రాలేదు.

కాగితం బిల్లు తెప్పిస్తే 3 గంటలే వున్నది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది. సాఫ్టువేరు చూపిస్తున్నది గ్రీనిచ్ కాలం. లోపల ఏ కాలంలో దాచుకున్నా సరే, పద్దులో తేదీ బండి వున్న చోటిదే పడాలి గదా! తెల్లవారి 5-30 లోపలి బిల్లులన్నీ ముందురోజుకు పోతున్నాయన్నమాట. మా లారీలు నడిచేదే రాత్రిళ్ళు.

పాత బిల్లులు దిద్దుతున్నాను. డ్రైవరుకు డబ్బు ముట్టింది. యజమాని మాత్రం అతనితో ఇంకా ఏమీ అనలేదు.