కారు కాగితం మీద మీ పేరుందా?

ఇక్కడ కాలిఫోర్నియాలో మనవాళ్ళు పాత కారు కొనేటప్పుడు పదిమందిని అడుగుతారు. ఎన్ని మైళ్ళు తిరిగింది, టైర్లు ఎలా ఉన్నాయి, యాక్సిడెంటేమైనా అయ్యిందా అని. మాటలన్నీ మగవాళ్ళ మధ్యే నడుస్తాయి. మనం వెనక డోరు తీసి పిల్లల కార్‌సీటు పడుతుందా లేదా చూసి, "బాగానే ఉందండీ" అంటాం. "కాగితాల సంగతి ఆయన చూసుకుంటారులే" అని ఇంటికొచ్చి వంటలో పడతాం. నా అభ్యంతరమల్లా ఆ చివరి మాటతోనే.

మన ఊళ్ళో అయితే ఫారం 29, ఫారం 30 అంటూ ఆర్టీవో ఆఫీసు దగ్గర ఏజెంటు ఉంటాడు, నాన్నో అన్నయ్యో తిరుగుతారు. ఇక్కడ ఏజెంటు అక్కర్లేదు. కథంతా ఒక్క కాగితం చుట్టూ తిరుగుతుంది. దాని పేరు టైటిల్. గులాబీ రంగు పోయి ఎన్నేళ్ళయినా ఇప్పటికీ దాన్ని పింక్ స్లిప్ అనే పిలుస్తారు. అమ్మేవాళ్ళు దాని మీద సంతకం పెట్టి ఇవ్వాలి. అయిదు రోజుల్లో, ఈ కారు మాది కాదని డీఎంవీకి వాళ్ళు తెలియజెయ్యాలి. కొన్నవాళ్ళు పది రోజుల్లో తమ పేరు మీదకి మార్చుకోవాలి. యూజ్ టాక్స్ కూడా అక్కడే కట్టాలి. మరీ కొత్త కారు కాకపోతే స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాళ్ళే, "మీరే చేయించుకోండి, అయిదొందలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. పాత రిజిస్ట్రేషన్ ఫీజు బాకీ ఉంటే అది కారుతోపాటే మన ఇంటికొస్తుంది. అద్దం కింద ఉన్న విన్ నంబరు, టైటిల్ మీదున్న నంబరు ఒకటేనా కాదా అని అక్షరం అక్షరం మనమే చూడొచ్చు. బియ్యంలో రాళ్ళేరే కళ్ళు మనవి, ఆ పని మనకన్నా బాగా ఎవరు చేస్తారు?

ఇవన్నీ మగవాళ్ళు చూసుకుంటారు, నిజమే. వాళ్ళు చూడనిది ఒకటుంది. ఇద్దరి పేర్లూ రాయించినప్పుడు మధ్యలో ఏ మాట ఉందన్నది. "అండ్" అని ఉంటే కారు అమ్మాలన్నా మార్చాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. పేర్ల మధ్య ఏటవాలు గీత ఉన్నా అదే అర్థం. "ఆర్" అని ఉంటే ఎవరో ఒకరి సంతకం చాలు. బి.ఏ.లో సంధుల్లో "వైకల్పికం" అని చదువుకున్నాం గుర్తుందా, ఏమంటివి అన్నా సరే, ఏమియంటివి అన్నా సరే అని? ఆ వికల్పం ఇన్నేళ్ళకి డీఎంవీ కిటికీ దగ్గర పనికొస్తుందని నేనైతే కలలో కూడా అనుకోలేదు.

దీనికింత పట్టుదల ఎందుకంటే, మా పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి పడ్డ అవస్థ చూశాను. మామగారు పోతే వాళ్ళాయన ఇండియా వెళ్ళాడు. వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోయి నెలలు గడిచాయి. చివరికి ఈ అమ్మాయే ఇల్లు ఖాళీ చేసి పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోవాల్సొచ్చింది. సోఫా అమ్మింది, డైనింగ్ టేబుల్ అమ్మింది, గ్రైండర్ నాకిచ్చింది. కారు మాత్రం అమ్మలేకపోయింది. టైటిల్ మీద ఆయన పేరొక్కటే ఉంది. ఆ కాగితం హైదరాబాదుకి కొరియర్ చేసి, సంతకం పెట్టించి, మళ్ళీ తెప్పించేసరికి కొంటానన్నతను ఇంకో కారు కొనేసుకున్నాడు. రోజూ ఆ బండి నడిపింది, ఆయిల్ మార్పించింది, బడి దగ్గర లైన్లో నిలబెట్టింది ఈ అమ్మాయే.

"సంపాదన ఆయనది, నా పేరెందుకు?" అని కొందరంటారు. ఈ రాష్ట్రపు చట్టమే పెళ్ళయ్యాక ఇక్కడ సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ అంటోంది. మనం ఎందుకు కాదనాలి? నేనీ మాటెత్తితే మావారు నవ్వి, "నా మీద నమ్మకం లేదా?" అన్నారు. "ఉంది కాబట్టే ఆర్ అంటున్నా" అన్నాను. ఎందుకంటే ఆర్ అని ఉంటే ఆయన కూడా నాకు చెప్పకుండా అమ్మెయ్యొచ్చు. కాపురంలో ఆ మాత్రం భరోసా లేని చెల్లెళ్ళూ ఉన్నారు. వాళ్ళకి మాత్రం నేను అండ్ అనే చెప్తాను. ఇంట్లో పరిస్థితి మీకు తెలిసినట్టు నాకు తెలియదు, ఏ మాట కావాలో మీరే తేల్చుకోండి. ఆయనే రాయించేస్తారులే అని మాత్రం వదిలెయ్యకండి.

ఇప్పటికే ఒక్కరి పేరు మీదుంటే తర్వాత కూడా చేర్చొచ్చు. భార్యాభర్తల మధ్య కానుకగా రాసుకుంటే యూజ్ టాక్స్ పడదు, స్మాగ్ కూడా అడగరు. కారు మీద లోన్ ఉంటే మాత్రం ముందు అప్పిచ్చినవాళ్ళతో మాట్లాడాలి. ఇంకొకటి, టైటిల్ మీద కొట్టివేతలు, వైట్నర్ పనికిరావు. తప్పు పడితే మళ్ళీ వేరే కాగితం రాసివ్వాలి. అందుకని పెన్ను ఆయన చేతిలో ఉన్నా పక్కన మీరు నిలబడండి.

అన్నట్టు, కారు గ్లవ్ బాక్సులో ఉండాల్సింది రిజిస్ట్రేషన్ కాగితం. టైటిల్ కాదు. టైటిల్ కూడా అందులోనే పడేసే ఇళ్ళు నేను చూశాను. కారుతోపాటు అదీ పోతే దొంగకి మనమే దగ్గరుండి పని సులువు చేసినట్టు. తెచ్చి బీరువాలో, మీ పెళ్ళి సర్టిఫికెట్ పక్కన పెట్టుకోండి.