వినేవాళ్లు కావాలి మన సంఘాలకు

రాజోలు, మలికిపురం వైపు గానీ, గోదావరి దాటి నరసాపురం, మొగల్తూరు వైపు గానీ ఏ చర్చికి వెళ్లినా ఆరాధనలో ప్రార్థన మనవులు చదువుతారు. ఒకామెకు కువైట్ వీసా రావాలి. ఒకరి కోడలు పుట్టింటి నుంచి కాపురానికి తిరిగి రావాలి. ఒక కుర్రాడు తాగుడు మానాలి. అందరం ఆమెన్ అంటాం. ఆ కుర్రాడు వెనక గుమ్మం దగ్గర కూర్చునే ఉంటాడు. తన సంగతి మైకులో ఊరంతా విన్నది. పక్కకు పిలిచి, నీకేమైందిరా అబ్బాయ్, నువ్వేం కావాలనుకుంటున్నావు అని అడిగినవాళ్లు మాత్రం లేరు.

ప్రార్థనను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రార్థన మీదే బతికి బట్టకట్టిన కుటుంబాలు మనవి. కానీ మన సంఘాల్లో చెప్పేవాళ్లు ఎక్కువై వినేవాళ్లు కరువయ్యారు. క్రైస్తవ లైఫ్ కోచింగ్ అనే పద్ధతి మనకు పనికొస్తుందని నేననడానికి కారణం అదే.

ఈ పద్ధతి పుట్టింది చర్చిలో కాదు, టెన్నిస్ మైదానంలో. తిమోతీ గాల్వే అనే అమెరికన్ శిక్షకుడు 1974లో ఒక పుస్తకం రాశాడు. ఆటగాడి తప్పుల్ని ఒకటొకటిగా ఎత్తిచూపే కన్నా, అతను తన ఆటను తానే గమనించుకునేలా చేస్తే త్వరగా నేర్చుకుంటాడని ఆయన అనుభవం. బ్రిటన్‌లో జాన్ విట్‌మోర్ ఆ ఆలోచనను ఆఫీసుల్లోకి తెచ్చి 1992లో తన పుస్తకం వేశాడు. 1995లో కోచ్‌లకు ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 2001లో మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ కాలిన్స్ దీన్ని విశ్వాస జీవితానికి అన్వయించి ‘క్రిస్టియన్ కోచింగ్’ రాశాడు. అసలు సంగతి ఈ పేర్లలో లేదు, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు జరిగేదాంట్లో ఉంది.

డిగ్రీ అయిపోయి రెండేళ్లుగా ఇంటిపట్టునే ఉన్న ఒక కుర్రాణ్ణి తీసుకుందాం. మావయ్య హైదరాబాద్ పొమ్మంటాడు. అమ్మ బ్యాంకు పరీక్షలు రాయమంటుంది. పాస్టరుగారు ఉపవాసం ఉండమంటారు. ముగ్గురూ అతని మేలు కోరేవాళ్లే. కోచ్ మాత్రం ఏం చేయాలో చెప్పడు, అడుగుతాడు. ఏడాది పోయాక నీ బతుకు ఎలా ఉండాలి? ఇవాళ నిజంగా ఎలా ఉంది? పొద్దున ఎన్నింటికి లేస్తున్నావు, ఫోనులో ఎంతసేపు గడుస్తోంది, ఇంటి మీద అప్పెంత? నీ ముందున్న దారులేమిటి? వచ్చే శనివారంలోగా నువ్వు వేయగలిగిన అడుగేది? జవాబులన్నీ కుర్రాడే వెతుక్కోవాలి. శనివారం మళ్లీ కూర్చుంటారు. చేశావా అని అడుగుతాడు. చేయకపోతే తిట్టడు, ఏం అడ్డొచ్చిందని అడుగుతాడు. సగం పని ఆ ప్రశ్నతోనే జరుగుతుంది. అడ్డొచ్చింది భయమా, సిగ్గా, లేక ఆ చదువే అతనికి మొదటి నుంచీ ఇష్టం లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది. తన నోటితో తాను ఒప్పుకున్న పనిని తానే నిలబెట్టుకోవడం అలవాటైన మనిషి, మరో ఆరు నెలలకు ఇంకొకరి సలహా కోసం గుమ్మాలు పట్టుకుని తిరగడు. ఎదగడమంటే అదేనని నా నమ్మకం.

ఇందులో క్రైస్తవం ఏముందని అడగొచ్చు. మొదట్లో, చివర్లో ప్రార్థన చేసినంత మాత్రాన ఏ పనీ క్రైస్తవం అయిపోదు. మామూలు కోచ్ నీకేం కావాలన్న దగ్గర ఆగుతాడు. విశ్వాసి అయిన కోచ్, దేవుడు నిన్ను దేనికి పిలుస్తున్నాడని నీకనిపిస్తోందో అది కూడా అడుగుతాడు. అడిగి ఊరుకుంటాడు, జవాబు తన జేబులోంచి తీసి ఇవ్వడు. అనుకున్నది చేయలేకపోయిన వారం కూడా దేవుడి ప్రేమ తగ్గదని తెలిసినవాడు కాబట్టి ఎదుటి మనిషిని సిగ్గుపరచడు. సువార్తలు చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించకూడదు. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది, అయినా అతనికేం కావాలో యేసు అతని నోటనే పలికించాడు. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషిని సైతం, బాగుపడాలని ఉందా అని ముందు అడిగాడు. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టే ముందు, ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ తిరిగి ఎక్కడెక్కడ పడిపోయిందో కళ్లారా చూసుకున్నాడు. మన బతుకుల్లో పడిపోయిన చోట్లను అలా తీరిగ్గా చూసుకునే వీలు మన కూడికల్లో ఎక్కడుంది?

ఒకప్పుడు ఉండేది. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి, నరసాపురంలో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్ పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. ఒకరు రాతిపనివారు, ఇంకొకరు చెప్పులు కుట్టేవారు. గోదావరి డెల్టా మిషన్ వాళ్లతో మొదలైంది. తర్వాత రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు వచ్చారు. మిషన్ల కథలో దొరల పేర్లు వినబడినంతగా బైబిలు స్త్రీల పేర్లు వినబడవు. ఆ తెలుగు తల్లులు మగవాళ్లకు ప్రవేశం లేని లోగిళ్లకు కాలినడకన వెళ్లి, ఆడవాళ్ల మధ్య కూర్చుని చదువు చెప్పారు, వాక్యం చెప్పారు. మళ్లీ మళ్లీ అదే గడపకు వెళ్లేవారు కాబట్టి ఆ ఇంటి కష్టసుఖాలూ విన్నారు. ఇక 1938లో రాజమండ్రిలో బైబిలు మిషనును ప్రారంభించిన దేవదాసు అయ్యగారు సన్నిధిలో కనిపెట్టడం నేర్పారు. దేవుని ఎదుట మౌనంగా కనిపెట్టడం నేర్చిన ప్రాంతం మనది. మనిషి ఎదుట అరగంట మౌనంగా కూర్చోవడం మాత్రం మనకు చేతకావడం లేదు.

వినకుండా చేసిన మేలు ఎంతవరకు వెళ్తుందో నరసాపురం లేసు చూస్తే తెలుస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు పేద క్రైస్తవ స్త్రీలకు ఆ అల్లిక నేర్పారు. అది కులాలు దాటి పల్లె పల్లెకూ పాకింది, విదేశాలకు ఎగుమతైంది. 1982లో జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఆ స్త్రీల మీద ఒక పుస్తకమే రాశారు. రోజంతా కళ్లు పోయేలా అల్లినా దాన్ని పని అనలేదు, ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ల కాలక్షేపం అన్నారు, కూలి కూడా ఆ లెక్కనే ఇచ్చారు అన్నది ఆ పుస్తకం సారాంశం. 2024లో మన లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ చేతికి పని నేర్పినవాళ్లు, నీ పనికి నువ్వు కట్టే విలువెంతమ్మా అని కూడా అడిగి ఉంటే?

ఆ స్త్రీల కష్టం వాళ్ల మనసులో లేదు, వాళ్లకిచ్చిన కూలిలో ఉంది. అందుకే నేను కోచింగ్‌ను గుడ్డిగా సమర్థించను. అమెరికా పుస్తకాల్లో అన్నీ మనిషి మనసులోనే ఉన్నట్టు రాస్తారు. చేపల చెరువు గట్టు మీద కూలికి కాపలా కాసేవాడికి, పంట మునిగిన కౌలు రైతుకు, ఆలోచన మార్చుకో జీవితం మారిపోతుంది అని చెప్పడం అవమానించడమే. అతని చేతిలో ఉన్నదేది, కూలి రేటు, కులం, అప్పు అతనిపై మోపిందేది అని విడదీసి చూడగలగాలి. అది చూడలేని కోచ్ పేటలోకి రాకపోవడమే మంచిది.

ఇంకో ప్రమాదం ఉంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే పునరావాస మండలి దగ్గర నమోదు కావాలి. లైఫ్ కోచ్‌నని బోర్డు పెట్టుకోవడానికి అలాంటిదేమీ అక్కర్లేదు. నిద్రపట్టక, చావు ఆలోచనలతో నలిగేవాళ్లకు కావాల్సింది వైద్యం. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. భర్త చేతిలో దెబ్బలు తినే ఆడబిడ్డకు లక్ష్యాలు పెట్టకూడదు, ముందు భద్రత చూడాలి. అందుకు మహిళల సహాయ నంబరు 181 ఉంది. నీ గురించి దేవుడు నాకు చూపించాడు అంటూ మొదలుపెట్టే మనిషి కోచ్ కాడు. అలాంటివాళ్ల మాట మీద పెళ్లిళ్లు, పొలాల అమ్మకాలు జరిగిపోతున్నాయి. ఒకరు నమ్మి చెప్పుకున్న కష్టం మరుసటి వారం ప్రసంగంలో ఉదాహరణగానో, సాక్ష్యంగానో వినబడితే ఆ సంఘంలో ఇంకెవరూ నోరు విప్పరు.

పాస్టరుగార్లకు, స్త్రీల సమాజాల పెద్దలకు నా మనవి ఒక్కటే. మన సంఘాల్లో రిటైరైన టీచర్లున్నారు, నర్సులున్నారు, గల్ఫులో ఏళ్లకేళ్లు పనిచేసి తిరిగొచ్చి లోకం చూసిన అక్కలున్నారు. ప్రతి సంఘం నుంచి నోరు అదుపులో ఉంచుకోగలిగిన నలుగురిని ఎంచండి, ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. అడగడం, వినడం, ఎక్కడ ఆగి డాక్టరు దగ్గరికి పంపాలో తెలుసుకోవడంలో వాళ్లకు శిక్షణ ఇప్పించండి. వారంలో ఒక సాయంత్రం చర్చి తలుపు అందుకోసమే తెరిచి ఉంచండి. ఏ మతం మనిషి వచ్చినా కూర్చోబెట్టండి. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోవద్దు.