కనుమదారిలో దిగుట

కాలువకట్టలమీద పెరిగిన మనకు కొండ యనగా దూరమునుండి చూచి మ్రొక్కునదే. మా రామాపురము చుట్టుప్రక్కల, తెనాలి, బాపట్ల, రేపల్లెల వరకును నేల యరచేతివలె చదునుగా నుండును. వంతెన యెక్కి దిగుటయే మన మెఱిగిన మిట్టపల్లములు. ఇట్టి చోట కారు నడుప నేర్చిన మన పిల్లలు, అందు ఆడపిల్లలును, సెలవులు రాగానే తిరుమలకో అరకునకో తామే నడుపుకొని పోవుదు మనుచున్నారు. మేము వలదనము. కాని వెంట కూర్చుండు తల్లులు కొంత తెలిసికొని కూర్చుండుట మేలు.

మనకు దగ్గఱనున్నది నరసరావుపేట కడనున్న కోటప్పకొండ. గొల్లభామ యొకతె దినదినమును పాలు గొని యా కొండ యెక్కెడిదనియు, గర్భవతియై యెక్కలేక స్వామినే దిగి రమ్మని వేడెననియు, వెనుకకు చూడవలదన్న మాట మఱచి చూచుటచే స్వామి నడుమనే నిలిచిపోయెననియు స్థలపురాణము. నేడు ఆ కొండమీదికి కార్లు పోవు దారి కలదు. (ఆమె వెనుకకు చూచుట తప్పయ్యెను, కారు నడుపువారికి అద్దములో వెనుక చూడకుండుటయే తప్పు.)

తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో వచ్చెను. 1974లో రెండవది వచ్చిన పిదప ఎక్కుట కొకటి, దిగుట కొకటి యేర్పడినవి. దేవస్థానమువారు ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు తక్కువ కాకుండ పట్టవలెనని నియమము చేసిరి. దిగుట సులభమని తలచు మనకు ఇది వింతగా తోచును. దిగుదారి కొంత పొడవైన మాట నిజమే. అయినను అపాయ మెక్కువగా నుండునది దిగుటలోనే.

ఎక్కునప్పుడు బండి తన బరువుచేతనే మందగించును. దిగునప్పుడు ఆ బరువే ముందునకు త్రోయును. బ్రేకుమీద కాలు తీయక దిగినచో బ్రేకులు పెనమువలె కాగి పట్టు వదలును. పిమ్మట నెంత నొక్కినను ఫలము లేదు. కావున ఏ గేరులో ఎక్కెదరో ఆ గేరులోనే దిగవలెను. అప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును. పెట్రోలు కలిసివచ్చునని గేరు తీసి జాఱవిడుచువారు కలరు. నాలుగు రూపాయలకై ఇంటిల్లిపాదిని పణమొడ్డుట యిది!

మా యెఱుకలోని యొక యిల్లాలు దిగుచుండగా కమురు వాసన పసిగట్టి భర్తతో చెప్పెను. ఆయన ముందుపోవు లారీదని త్రోసిపుచ్చెను. ఆమె మఱల ననలేదు. రెండు మలుపుల పిదప బండి గోడకు రాచుకొని నిలిచెను, ప్రాణములు దక్కినవి. మాడు వాసన మనకు తెలిసినంతగా మఱెవ్వరికి తెలియును? మఱల ననుడు. పదిమంది వినునట్లు అనుడు. బండి వెడల్పైన చోట నాపించి, చల్లారువఱకు కదలనీయకుడు. కాగిన చక్రములమీద నీళ్లు మాత్రము పోయింపవలదు.

శృంగవరపుకోటనుండి అనంతగిరిమీదుగా అరకునకు పోవు దారిలో ఎదురుబండ్లును వచ్చును. ఇఱుకైన చోట దిగుబండియే యాగి, ఎక్కుబండికి దారి యీయవలెనని చట్టము. ఎక్కుచు నాగిన బండిని మరల కదలించుట కష్టము గదా. చలికాలపుటుదయములందు మంచు క్రమ్మి పదిబారల దూరముకూడ కానరాదు. పిల్లకు వాంతి వచ్చినను మలుపులో నాపుమనకుడు. సంచి యొకటి ఒడిలో నుంచుకొనుడు. ఆ కాఫీతోటలు, చెట్లనల్లుకొన్న మిరియపు తీగెలు చూడవలెనన్నచో గాలికొండ కడ బండి నిలిపించి, నడుపువారిని కూడ దింపి చూపుడు.